వాల్డెన్ పద్దులు: నిరాడంబర జీవితం లెక్కకు ఎంతవరకు నిలిచింది?

1845 జులై 4న హెన్రీ డేవిడ్ థోరో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కాంకర్డ్ ఊరికి దక్షిణాన ఉన్న వాల్డెన్ చెరువు గట్టున, తాను కట్టుకున్న ఒంటిగది ఇంట్లో కాపురం పెట్టాడు. 1847 సెప్టెంబరు 6న దాన్ని ఖాళీ చేశాడు. అక్కడి జీవితం మీద ఆయన రాసిన 'వాల్డెన్' పుస్తకం మాత్రం 1854 ఆగస్టులో గానీ వెలువడలేదు. ఈలోగా ఆ రచన ఏడు దశల్లో మారుతూ వచ్చిందని జె. లిండన్ షాన్లీ రాతప్రతులను పరిశీలించి 1957లో చూపాడు. పైగా రెండేళ్ల పైచిలుకు అనుభవాన్ని థోరో ఒకే సంవత్సరంగా కుదించి చెప్పాడు. అంచేత ఆ పుస్తకాన్ని దినచర్యగా చదవకూడదు. అందులో ఏది సాక్ష్యం, ఏది సాహిత్యం అని మాటమాటకూ విడదీసి చూసుకోవలసిందే.

ఆయన కొలిచిన చోట పుస్తకాన్ని నమ్మవచ్చు. చెరువుకు అడుగే లేదని ఊళ్లో చెప్పుకునేవారు. 1846లో మంచు గడ్డకట్టి ఉండగా థోరో దిక్సూచి, గొలుసు, తాడుకు కట్టిన రాయితో లోతు తీసి 102 అడుగులని తేల్చాడు. ఆధునిక కొలతలూ దాదాపు అంతే చెబుతున్నాయి. ఊహించిన చోట జాగ్రత్త అవసరం. ఆ రోజుల్లో బోస్టన్ వర్తకులు చెరువుల మంచును కోయించి ఓడల్లో మన దేశానికి పంపేవారు. మద్రాసు సముద్రతీరాన ఉన్న ఐస్‌హౌస్ ఆ వ్యాపారం కోసం కట్టిందే. వాల్డెన్ నీళ్లు మద్రాసు, బొంబాయి, కలకత్తా దాహం తీరుస్తాయని థోరో ఉప్పొంగిపోయి రాశాడు. అయితే 1846-47 చలికాలంలో అక్కడ కోసి పోగేసిన మంచులో చాలా భాగం ఎటూ వెళ్లకుండా 1848 సెప్టెంబరు నాటికి కరిగి మళ్లీ చెరువులోనే కలిసిందని అదే అధ్యాయంలో ఉంది. మద్రాసు దాహం గురించిన వాక్యాన్ని ఉదహరించేవారు ఈ సంగతి చెప్పగా నేను చూడలేదు.

ఒంటరితనం విషయంలోనూ ఇదే తంతు. ఆ గది ఊరికి సుమారు మైలున్నర దూరం. ఫిచ్‌బర్గ్ రైలుమార్గం 1844లోనే చెరువు పక్కగా పడింది. ఒకటి రెండు రోజులకోసారి థోరో ఆ పట్టాల వెంటే ఊళ్లోకి నడిచి వెళ్లేవాడు. నేల ఆయన మిత్రుడు, రచయిత ఎమర్సన్‌ది. పాతిక ముప్పై మంది ఒకేసారి గదిలోకి వచ్చిన సందర్భాలున్నాయి. 1846 జులైలో తలపన్ను కట్టలేదని ఒక రాత్రి జైల్లో పెట్టినది కూడా, బాగుకిచ్చిన జోడు తెచ్చుకోవడానికి ఊళ్లోకి వెళ్లినప్పుడే. కన్నవారి ఇల్లు నడిచిపోయేంత దూరంలో ఉందని ఎత్తిచూపినవారిలో 2015లో 'న్యూయార్కర్' పత్రికలో ఘాటుగా రాసిన క్యాథ్రిన్ షుల్జ్ ఒకరు. రాకపోకల వివరాలను థోరో దాచలేదు, చాలామటుకు తనే రాశాడు. ఆయన్ను సన్యాసిగా చేసిన పని ఎక్కువగా తర్వాతి పాఠకులదేనని నా అభిప్రాయం.

ఈ ప్రయోగం వెనుక ఉన్నది ట్రాన్సెండెంటలిస్టుల ఆలోచన. ఎమర్సన్ 1836లో 'నేచర్' అచ్చువేసినప్పటి నుంచి ఆ బృందం చెబుతూ వచ్చింది ఇదీ: సత్యాన్ని మనిషి సంప్రదాయం నుంచి అరువు తెచ్చుకోనక్కర్లేదు, తన అంతఃకరణలోనూ ప్రకృతిలోనూ నేరుగా చూడగలడు. అలా చూడటానికి తీరిక కావాలి. తీరిక కావాలంటే అవసరాలు తగ్గాలి. దీన్ని ఆచరణలో పెట్టినవారు థోరో కంటే ముందే ఉన్నారు. జార్జ్ రిప్లీ నెలకొల్పిన సమష్టి క్షేత్రం బ్రూక్ ఫామ్ 1841 నుంచి 1847 దాకా నడిచింది. బ్రాన్సన్ ఆల్కాట్, చార్లెస్ లేన్ కలిసి 1843 జూన్‌లో మొదలుపెట్టిన ఫ్రూట్‌లాండ్స్ మాంసం, పాలు, పశువుల చాకిరీ, బానిసలు పండించిన పత్తి అన్నీ వదిలేసి, 1844 జనవరి నాటికి చెదిరిపోయింది.

థోరో ప్రత్యేకత ఏమిటంటే, ఆయన లెక్క రాశాడు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవున్న ఇంటికి అయిన ఖర్చు 28 డాలర్ల 12½ సెంట్లు. పలకల కోసం ఒక ఐరిష్ రైలు కూలీ గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొని విప్పదీశాడు. రెండు పాత కిటికీలు, వెయ్యి పాత ఇటుకలు, ఆఖరికి సుద్దముక్కకు పెట్టిన ఒక సెంటు కూడా జాబితాలో ఉంది. హార్వర్డ్‌లో విద్యార్థి గది అద్దె ఏడాదికి 30 డాలర్లని పక్కనే గుర్తుచేశాడు. ప్రధానంగా బీన్స్ వేసిన రెండున్నర ఎకరాల సేద్యం మీద 23.44 డాలర్లు రాగా, ఖర్చులు పోను 8.71½ మిగిలింది. ఎనిమిది నెలల తిండికి 8.74 డాలర్లు. ఇల్లు, సేద్యం, తిండి, బట్టలు, దీపం నూనె కలిపి మొత్తం ఖర్చు 61.99¾. పంట, సర్వే పని, వడ్రంగం, కూలి కలిపి జమ 36.78. తక్కువ పడిన 25.21¾ డాలర్లు ముందు నుంచి చేతిలో ఉన్న సొమ్ములోంచి పెట్టుకున్నాడు.

ఈ పట్టికను వేరే విధంగా కూడి చూశాను. ఒక్కసారికే పెట్టే ఇంటి ఖర్చు తీసేస్తే మిగతా ఖర్చు 33.87¼ డాలర్లు. అంటే జమలో 2.90¾ మిగులుతుంది. ఇంతవరకు థోరో పక్షమే. కానీ పద్దులన్నీ ఒకే కాలానివి కావు. సేద్యం లెక్క ఏడాదిది, తిండి లెక్క ఎనిమిది నెలలది. తక్కిన నాలుగు నెలల తిండిని అదే రేటున కలిపితే 4.37 డాలర్లు పెరిగి, మిగులు కాస్తా లోటవుతుంది. ఆ నాలుగు నెలల్లో కూలి డబ్బు కూడా కొంత వచ్చే ఉంటుంది కనుక లోటని గట్టిగా అనలేం. ఉజ్జాయింపుగా ఆయన రాబడి ఖర్చుకు సరిపోయిందనడం సబబు. ఏడాదికి ఆరు వారాలు పనిచేస్తే బతకడానికి చాలునన్న మాట వేరు. ఎన్ని రోజులు పనిచేశాడో పట్టికలో లేదు. దాన్ని బట్టి ఆ మాటను ఒప్పుకోనూ లేం, కొట్టేయనూ లేం.

అసలు చిక్కు పట్టికలోకి ఎక్కని పద్దులతో. నేలకు అద్దె లేదు. ఉతుకు, కుట్టు పనులు బయట జరిగాయని, వాటి బిల్లు ఇంకా చేతికి రాలేదని థోరో చమత్కారంగా ఒక మాట అనేసి ముందుకు సాగిపోయాడు. బయట అంటే తల్లి సింథియా ఇల్లేనని సాధారణంగా అనుకుంటారు. థోరో బట్టలు ఎవరుతికారన్న ప్రశ్న ఇతర మగ రచయితల గురించి రాదేమని రెబెకా సోల్నిట్ నిలదీసింది. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ ఇతరులెవరూ సుద్దముక్క ఖరీదు సహా చూపించి, మనిషి బతుకుకు అయ్యేది ఇంతే అని వాదించలేదు. లెక్క చూపించినవాణ్ని లెక్క అడగడం తప్పు కాదు. ఫ్రూట్‌లాండ్స్‌లో ఈ చాకిరీ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తత్వవేత్తలు ఉపన్యాసాలకు ఊళ్లు తిరుగుతుంటే ఇంటి బరువంతా బ్రాన్సన్ భార్య అబిగేల్ ఆల్కాట్ మీద పడింది. ఆమె కూతురు లూయీసా 1873లో ఆ కథను ఎగతాళిగా రాసింది.

ఇంకొక సంగతి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. థోరోకు ముందు వాల్డెన్ అడవిలో కేటో ఇంగ్రహామ్, జిల్ఫా వైట్, బ్రిస్టర్ ఫ్రీమన్ వంటి నల్లజాతివారు కాపురమున్నారు. పుస్తకంలో థోరో వారిని పేరుపేరునా తలుచుకున్నాడు. బానిసత్వం నుంచి బయటపడ్డవారికి ఊళ్లో చోటు దొరక్క, పంటకు పనికిరాని ఆ నేలల్లో తలదాచుకోవలసి వచ్చిందని ఎలీస్ లెమైర్ 2009లో 'బ్లాక్ వాల్డెన్' గ్రంథంలో వివరించింది. కొద్దిపాటితో బతకడం వారికి గత్యంతరం లేక వచ్చింది, థోరోకు ఎంపిక. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి వెళ్లగలిగినవాడి ప్రయోగం నుంచి, వెళ్లలేనివారి బతుకు గురించి ఏ సూత్రమూ తీయకూడదు.

మరి తీరిక దేనికి పనికొచ్చింది? దీనికి మాత్రం పుస్తకంతో సంబంధం లేని సాక్ష్యం ఉంది. 1852 నుంచి 1858 వరకు కాంకర్డ్ పరిసరాల్లో ఏ మొక్క ఏ తేదీన మొదటి పువ్వు పూసిందో థోరో రాసి పెట్టాడు. ఆ కాగితాలను బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ప్రైమాక్, ఆయన సహచరుడు అబ్రహాం మిల్లర్-రషింగ్ తమ పరిశీలనలతో పోల్చారు. ఇప్పుడు మొక్కలు సగటున ఏడు రోజులు ముందుగా పూస్తున్నాయని 2008లో ప్రకటించారు. థోరో చూసిన జాతుల్లో 27 శాతం కాంకర్డ్ నుంచి మాయమయ్యాయని, మరో 36 శాతం అతి అరుదైపోయాయని అదే ఏడాది ఇంకొక పత్రం తేల్చింది. నూటయాభై ఏళ్ల తర్వాత వాతావరణ శాస్త్రానికి అక్కరకొచ్చిన పట్టికలవి. వాటిలో కవిత్వం లేదు, తేదీలున్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఆ తేదీలనే. ఆ పట్టికలు తయారయ్యే నాటికి థోరో చెరువు గట్టు వదిలి నాలుగేళ్లు దాటింది. తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ, సర్వే పనులు చేసుకుంటూ, పెన్సిళ్లూ గ్రాఫైటూ అమ్మే కుటుంబ వ్యాపారంలో చేయి వేస్తూ, మధ్యాహ్నాలు నడకకు కేటాయించుకున్నాడు. సుమారు 20 లక్షల పదాల దినచర్యలో సింహభాగం కూడా ఆ కాలానిదే. అందువల్ల అడవిలో ఉండటం వల్లే ఆయన చూపు పదునెక్కిందనడానికి ఆధారం బలహీనం. కోరికలు తగ్గించుకుని పనిగంటలను అదుపులో పెట్టుకోవడం, దానికి ఇంటివారి ఊతం తోడవడం కారణమనడానికి ఆధారం ఎక్కువ. వాల్డెన్‌లో ఆ అలవాటు మొదలైందనవచ్చు, అంతకుమించి అనలేను.

తెలుగు వ్యాసాల్లో థోరో పేరు వస్తే వెంటనే గాంధీ పేరు వస్తుంది, ఆయన నిరాడంబరత్వానికీ సత్యాగ్రహానికీ మూలం థోరోయే అన్నట్టు. కాలక్రమం దీన్ని సమర్థించదు. 1904లో గాంధీ దక్షిణాఫ్రికాలో నెలకొల్పిన ఫీనిక్స్ ఆశ్రమానికి ప్రేరణ ఆంగ్ల రచయిత రస్కిన్ పుస్తకం. థోరో గురించి గాంధీ 'ఇండియన్ ఒపీనియన్'లో రాసింది 1907లో. శాసనోల్లంఘన మీద థోరో రాసిన వ్యాసం చేతికి వచ్చేసరికే దక్షిణాఫ్రికాలో ప్రతిఘటన చాలా ముందుకు సాగిందని, తన ఆలోచన అందులోంచి పుట్టిందనడం సరికాదని ఆయన 1935 సెప్టెంబరులో సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీకి చెందిన పి. కోదండరావుకు రాశాడు. పోలిక చూడదలిస్తే వేరేచోట ఉంది. ఫీనిక్స్‌లో జాతి భేదం లేకుండా అందరికీ నెలకు మూడు పౌండ్లే అని నియమం. 1910లో మొదలైన టాల్‌స్టాయ్ ఫామ్‌లో నౌకర్లు లేరు, వంట నుంచి పాకీపని దాకా అక్కడున్నవారే చేసుకోవాలి. వాల్డెన్ పట్టికలో లేని చాకిరీ అక్కడ నియమావళిలోకి ఎక్కింది. థోరో, గాంధీల మీద ఇకముందు రాయబోయేవారు ప్రభావాల వంశవృక్షం గీసే ముందు ఆ 1935 నాటి లేఖ చదవాలని, ఆ తర్వాత ఈ రెండు చోట్లా ఇంటిపని ఎవరు చేశారో పక్కపక్కన పెట్టి చూడాలని కోరుతున్నాను.