చలినీటి మృత్యువును గుర్తించిన తీరు

తెరచాప ఓడల కాలంలో సముద్రంలో పడి చనిపోయిన నావికులను నీట మునిగినవారిగానే లెక్కించేవారు. ఉత్తర అట్లాంటిక్ వంటి చల్లని జలాలలో సంభవించిన ఈ మరణాలలో అధిక భాగానికి మునక చివరి ఘట్టం మాత్రమేననీ, దానికి దారితీసిన అసలు కారణం చలి అనీ వైద్యశాస్త్రం నిర్ధారించడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. ఆ ఆలస్యానికి ప్రాణాలతో మూల్యం చెల్లించినవారు ఎక్కువగా పేరు తెలియని సామాన్య నావికులే కనుక, ఈ అవగాహన ఏర్పడిన క్రమం నౌకాచరిత్రలో అప్రధానమైన అధ్యాయం కాదు.

గాలి మీద ఆధారపడి సాగే ఓడను ఉన్నపళంగా ఆపడం సాధ్యం కాదు. ఆరు నాట్ల వేగంతో, అనగా గంటకు సుమారు 11 కిలోమీటర్ల వేగంతో పోయే ఓడ పడినవానికి ఒక్క నిమిషంలో 185 మీటర్లు దూరమవుతుంది; అంత దూరంలో అలల నడుమ మనిషి తలను కనిపెట్టడం కష్టం. 1620లో ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వలస వెళ్లేవారితో బయలుదేరిన మేఫ్లవర్ ఓడ మీది నుంచి తుపానులో సముద్రంలో పడిన జాన్ హౌలండ్ అనే యువకుడు మాత్రం ప్రాణాలతో బయటపడి, ఎనభై ఏళ్లు దాటేవరకు జీవించాడు. ఈ సంఘటనను గ్రంథస్థం చేసిన విలియం బ్రాడ్‌ఫర్డ్ దానిని దైవకృపగా భావించినప్పటికీ, అతని కథనంలోనే లౌకిక కారణాలు కూడా కనిపిస్తాయి. తుపాను ధాటికి ఓడ ముందుకు సాగలేక అలల మీద తేలుతూ ఉంది. తెరచాపను ఎత్తే తాడు ఒకటి పక్కనుంచి నీటిలోకి వేలాడుతూ హౌలండ్ చేతికి చిక్కింది. అతని పట్టు సడలకముందే తోటివారు ఆ తాడుతోనే లాగి, కొక్కెం ఉన్న గెడతో పైకి చేర్చారు. తరువాతి కాలంలో వచ్చిన రక్షణ పరికరాలన్నీ సాధించదలచినది ఈ మూడింటినే: పడవకు దగ్గరగా ఉండటం, పట్టుకోవడానికి ఆధారం దొరకడం, చేతులు మొద్దుబారకముందే పైకి రావడం.

చలి ప్రభావాన్ని ఉష్ణమాపకంతో కొలిచి చూసిన తొలివారిలో లివర్‌పూల్ వైద్యుడు జేమ్స్ కరీ ఒకడు. 1790 డిసెంబరులో మెర్సీ నది ముఖద్వారం వద్ద ఒక అమెరికన్ ఓడ ఇసుకమేటపై చిక్కుకుని ధ్వంసం కాగా, నీటిలో మునిగి ఉన్నవారి కంటే గాలికీ మంచుకూ గురైనవారు ముందుగా చనిపోవడం అతనిని ఆలోచింపజేసింది. ఆరోగ్యవంతులను చల్లని ఉప్పునీటిలో ఉంచి వారి శరీర ఉష్ణోగ్రతలో వచ్చే మార్పులను నమోదు చేసి, ఆ ఫలితాలను 1792లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. వైద్యులు ఆ పరిశోధనను జ్వరచికిత్సకు అన్వయించుకున్నంతగా నావికుల రక్షణకు అన్వయించుకోకపోవడం విచారకరం.

పందొమ్మిదవ శతాబ్ది దృష్టి అంతా తేలడం మీదనే నిలిచింది. బ్రిటిష్ లైఫ్‌బోట్ సంస్థ అధికారి కెప్టెన్ జాన్ వార్డ్ 1854లో బెండుముక్కలతో కుట్టిన జాకెట్‌ను రూపొందించాడు. 1861 ఫిబ్రవరి 9న విట్బీ రేవు వద్ద లైఫ్‌బోట్ తలకిందులై, పదముగ్గురిలో పన్నెండుగురు మరణించగా, ఆ కొత్త జాకెట్ తొడుక్కున్న హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే బతికాడు. అయితే తేలడమే చాలదని 1912లో టైటానిక్ విషాదం చూపింది. సున్నా కంటే రెండు డిగ్రీలు తక్కువగా ఉన్న ఆ నీటిలో లైఫ్ జాకెట్లు అనేకులను తేలుతూ ఉంచగలిగాయి గాని, వారి ప్రాణాలను నిలపలేకపోయాయి.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడతోపాటు మునిగినవారి కంటే, ఓడను విడిచిన తరువాత నీటిలో చనిపోయిన బ్రిటిష్ నావికులే ఎక్కువని తేలడంతో పరిశోధన అనివార్యమైంది. స్పృహ తప్పినవాని ముఖాన్ని లైఫ్ జాకెట్ నీటిపైన నిలపగలదో లేదో తెలుసుకోవడానికి, మత్తువైద్యుడు ఎడ్గర్ పాస్క్ తనకు తానే మత్తుమందు ఇప్పించుకుని, ఒళ్లు తెలియని స్థితిలో నీటిలో తేలాడు. దాదాపు అదే కాలంలో, దాఖౌ నిర్బంధ శిబిరంలో నాజీ వైద్యులు ఖైదీలను మంచునీటిలో ఉంచి చంపారు. మొదటిది ఆత్మార్పణకు సిద్ధపడిన విజ్ఞానం. రెండవది హత్య, దానికి శాస్త్రమనే పేరు చెల్లదు.

1963 డిసెంబరులో మదీరా దీవుల సమీపాన లకోనియా అనే ప్రయాణికుల ఓడ తగలబడినప్పుడు, సుమారు 18 డిగ్రీల నీటిలో సైతం లైఫ్ జాకెట్లు తొడుక్కున్నవారు చలికి చనిపోయారని పరిశోధకుడు విలియం కీటింగ్ తరువాత నిరూపించాడు. ఆ తరువాత ఫ్రాంక్ గోల్డెన్, మైక్ టిప్టన్ అనే శాస్త్రవేత్తలు ప్రమాదాన్ని దశలుగా విడదీసి చూపారు. మొదటిది కోల్డ్ షాక్, అనగా చర్మం ఒక్కసారిగా చల్లబడినందువల్ల అసంకల్పితంగా పెద్ద ఎగశ్వాస వచ్చి, ఆపై రెండు మూడు నిమిషాలపాటు శ్వాస అదుపు తప్పడం. ఆ మొదటి శ్వాస నీటి అడుగున జరిగితే మంచి ఈతగాడు కూడా మునిగిపోతాడు. తరువాతి అరగంటలోపు చేతుల కండరాలు చల్లబడి పట్టు పోతుంది, ఈత సాగదు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పడిపోయే హైపోథెర్మియా, పెద్దవారిలో సాధారణంగా అరగంట గడిచిన తరువాత గాని రాదు. పడిన వెంటనే ఈతకు తొందరపడక, శ్వాస కుదుటపడేవరకు తేలుతూ ఉండమనే నేటి బోధనకు ఆధారం ఈ దశల క్రమమే. వెలికితీసే వేళ కూడా ప్రమాదమే. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి తొలగి రక్తపోటు కుప్పకూలవచ్చు గనుక, వీలైనంతవరకు మనిషిని పడుకోబెట్టిన భంగిమలోనే ఎత్తాలని గోల్డెన్ పరిశోధనలు సూచించాయి.

ఈ జ్ఞానం తెరచాప పడవల వారికి కఠినంగానే అందింది. 1979 ఆగస్టులో 303 పడవలు బయలుదేరిన ఫాస్ట్‌నెట్ పందెంలో తుపాను వల్ల 15 మంది పోటీదారులు మరణించారు. హార్నెస్, అనగా ఒంటికి తొడుక్కుని పడవకు తగిలించుకునే పట్టీల కూర్పు, తెగిపోవడమో దానిని తగిలించిన చోటు ఊడిపోవడమో వారిలో కొందరి మరణానికి కారణమైంది. ఇద్దరే ఉన్న పడవలో ఒకరు పడితే, తడిసి బరువెక్కిన మనిషిని మిగిలినవారు ఒంటరిగా ఎత్తలేరన్న గ్రహింపుతో, పడినవాని చుట్టూ పడవను తిప్పుతూ తేలే పట్టీని అతనికి అందించే లైఫ్‌స్లింగ్‌ను సియాటిల్ నావికులు రూపొందించారు.

ఎంతటి అనుభవమైనా హార్నెస్‌కు బదులు కాలేదు. ఫ్రాన్సు గర్వించిన నావికుడు ఎరిక్ తబార్లీ 1998 జూన్‌లో హార్నెస్ లేకుండానే వేల్స్ సమీపాన రాత్రివేళ సముద్రంలో పడి మరణించాడు. 2018 మార్చిలో దక్షిణ మహాసముద్రంలో, స్థానం మారడానికి హార్నెస్ పట్టీని విప్పిన కొద్ది క్షణాలలోనే జాన్ ఫిషర్ అనే నావికుడు పడవ నుంచి విసిరివేయబడ్డాడు. తోటివారు గంటల తరబడి గాలించినా అతడు దొరకలేదు. అంతకు రెండు నెలల ముందే భారత నౌకాదళపు తెరచాప పడవ తారిణి, దక్షిణ అమెరికా కొస అయిన కేప్ హార్న్‌ను చుట్టి ఆ మహాసముద్రాన్ని దాటింది. హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్నానికి చెందిన స్వాతి ఉన్న ఆరుగురు మహిళా నావికుల ఆ బృందం 2018 మే 21న క్షేమంగా గోవా చేరింది.