కొండెక్కిన జూలియా, రూత్

నా సిద్ధాంత గ్రంథం 1874తో మొదలవుతుంది. వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిన ఏడాది అది. తెలుగు స్త్రీల చదువు గురించీ, గొంతు గురించీ రాసేవాళ్లం చాలామందిమి అక్కణ్ణించే బయల్దేరతాం. నేనూ అలాగే బయల్దేరాను, డాక్టరేటూ వచ్చింది. ఆ తర్వాత వేరే పని మీద అమెరికన్ బాప్టిస్టు మిషన్ చరిత్రలు తిరగేస్తూ 1854 జనవరి 1 దగ్గర ఆగిపోయాను.

ఆ రోజు ఇంకా పొద్దు పొడవకముందే ఐదుగురు ఒంగోలులో ఊరికి పైనున్న కొండ ఎక్కారు. నెల్లూరు మిషన్ నుంచి వచ్చిన లైమన్ జూవెట్, ఆయన భార్య యుఫీమియా, క్రిస్టియన్ నరసు, జూలియా, రూత్. ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురు తెలుగువాళ్లు. జూలియా, రూత్ ఈ రెండు లెక్కల్లోనూ ఉన్నారు. కానీ ఆ కొండ కథ చెప్పేటప్పుడు సాధారణంగా వినపడే పేరు జూవెట్‌ది.

మిషన్ పరిస్థితి అప్పటికి ఏమంత బాగాలేదు. శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఇన్నేళ్లలో ఆ సంఘంలో చేరినవాళ్లు కొద్దిమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలో ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. బర్మాలో అన్ని కేంద్రాలుంటే ఇక్కడ నెల్లూరు ఒక్కటే. అందుకే 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు వచ్చింది. మూసేస్తారేమోనన్న భయంతో ఎక్కిన కొండ అది.

అక్కడ ఏం జరిగిందో మనకు తెలిసింది చాలావరకు జూలియా తర్వాత చెప్పిన మాటల వల్లే. ఆమె చెప్పిన వరస చూడండి. ముందు పాట పాడారు. జూవెట్ ప్రార్థన చేశాడు, ఆ తర్వాత నరసు. జూవెట్ యెషయా గ్రంథంలోంచి, కొండల మీద శుభవార్త మోసుకొచ్చేవాళ్ల పాదాల గురించిన మాట చదివాడు. అప్పుడు యుఫీమియా ప్రార్థించింది, ఆ తర్వాత జూలియా, ఆ తర్వాత రూత్. అందరూ లేచాక జూవెట్ చెయ్యి చాపి, దూరంగా నాగజెముడు కమ్మిన మెరక నేల చూపించి, అక్కడ మిషన్ బంగళా ఉంటే బాగుంటుందా అని జూలియానే అడిగాడు. చరిత్ర రాసినవాళ్లకి ఆ చాచిన చెయ్యి బాగా నచ్చింది. ఆ చెయ్యి చూసినదీ, జ్ఞాపకం పెట్టుకున్నదీ, చెప్పినదీ ఆమె అన్న సంగతి మాత్రం వెనక్కి పోయింది.

నన్ను పట్టి ఆపింది ఆ వరసే. మగవాళ్లే ముందు, నిజమే. అయినా ఆడవాళ్లకీ వంతు ఉంది. పైగా బాప్టిస్టుల ప్రార్థనకు రాసి పెట్టిన పాఠం ఉండదు. వంతు వచ్చినవాళ్లు కళ్లు మూసుకుని, తమ మాటలు తామే కూర్చుకుని, పదిమంది వినేలా పైకి చెప్పాలి. 1854లో ఇద్దరు తెలుగు స్త్రీలు ఒక దొర ఎదుట, ఒక తెలుగు మగవాడి ఎదుట గొంతు విప్పి అలా మాట్లాడారు. ధవళేశ్వరం బడికి అది ఇరవయ్యేళ్లు ముందు.

ఒంగోలుకు ఒక మిషనరీని పంపమన్న ఆ ప్రార్థనకు జవాబు పన్నెండేళ్ల తర్వాత వచ్చిందని మిషన్ నమ్మకం. 1866లో జాన్ క్లౌ, భార్య హారియెట్ వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం ఏర్పడింది. అక్కడో చిక్కు వచ్చింది: మాదిగల్ని చేర్చుకుంటే తాము రామని ఊళ్లో పై కులాలవాళ్లు అన్నారు. ఏం చెయ్యాలో తోచక క్లౌ తన గదిలో బైబిలు తెరిస్తే, లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడన్న కొరింథీయుల పత్రిక భాగం కనిపించిందట. ఇంట్లో మరోవైపు హారియెట్, అతనికి తెలియకుండానే, మరో బైబిల్లో సరిగ్గా ఆ భాగమే చదువుతోందట. అద్భుతమంటే నాకు నమ్మకం తక్కువ. కానీ ఆ నిర్ణయంలో ఆమె కూడా ఉందనడానికి క్లౌ స్వయంగా చెప్పిన ఈ కథే సాక్ష్యం.

అసలు ఉద్యమాన్ని పల్లెల్లోకి తీసుకుపోయింది యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ. క్రైస్తవుడు కాకముందు రాజయోగం సాధన చేసినవాడు, వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర ఉపదేశం పొందినవాడు. ఈ ఒక్క వాక్యం మీద ఎవరైనా ఒక సిద్ధాంత గ్రంథం రాస్తే బాగుండును. మాదిగవాడల్లో స్త్రీ నోట దైవం మాట వినడం మిషన్‌తో మొదలు కాలేదు. పేరయ్య భార్య నాగమ్మ కూడా ఆయనతోపాటే కొత్త మతంలోకి వచ్చింది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1876-78 కరువు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. తిండి కోసం చేరారన్న మాట రాకుండా పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఈ అంకె ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. నీళ్లలో దిగిన ఆడవాళ్ల పేర్లు మాత్రం అందులో కలిసిపోయాయి.

క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1898లో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పుస్తకం వేసింది. మరుసటేడు మాదిగల నోటి కథలతో 'వైల్ సోయింగ్ శాండల్స్' తెచ్చింది. స్త్రీల హక్కుల తొలి తాత్వికురాల్ని చదివిన మనిషి ఒంగోలు మాదిగపల్లెల మాటలు రాసుకుంది. మన స్త్రీవాద చరిత్రలో ఈ ముడి ఎక్కడా కనపడలేదు నాకు. మాదిగల మాట ఆమె ఇంగ్లీషులోంచి తెలుగులోకి తిరిగి రావలసి రావడం ఇబ్బందే. ఆ ఇబ్బందితోనే చదువుతున్నాను.

నా గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు మొదటి అధ్యాయం మారుస్తానన్నాను. "ప్రార్థన సాహిత్యం ఎలా అవుతుందమ్మా?" అని అడిగారు ఒక పెద్దాయన. లాలిపాట, మంగళహారతి ఎలా అయ్యాయో అలాగే అన్నాను. ఆయనకు నచ్చలేదు. మా అమ్మమ్మ ఆదివారం కూటంలో నిలబడి పావుగంట ఆపకుండా చేసే ప్రార్థన ఆయనకు వినిపించగలిగితే ఏమనేవారో. చదువు రాని మనిషి. ఊళ్లో ఇంకెక్కడా నలుగురిలో ఆమె నోరెత్తడం నేను చూడలేదు.

అధ్యాయం తిరగరాస్తున్నాను. 1854తో మొదలవుతుంది. పేజీలో మొదటి వాక్యం జూలియా చెప్పిన వరసే.