నెల్లూరు మెట్ట పల్లెల ఫ్లోరోసిస్
మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, ముఖ్యంగా 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి తరువాత చేరిన మెట్ట ప్రాంతాల్లో, మెడ తిప్పలేక, నడుము వంచలేక కుంగిపోతున్న రైతుల జబ్బుకు తాగునీటిలోని ఫ్లోరైడే మూలమని షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర వైద్యులు 1937లో ప్రకటించారు. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఎముక దళసరెక్కడమే కాక, ఎముకలను కలిపి ఉంచే సంధిబంధనాలలో, అంటే సులువుగా వంగవలసిన లిగమెంట్లలో, కాల్షియం పేరుకొని అవి బిగుసుకుపోతాయి. దీనినే కాల్సిఫికేషన్ అంటారు. ముంజేతి రెండెముకల నడుమనున్న పలుచని పొర సైతం గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా, అంచులు గరుకుగా కనిపించడం ఈ వ్యాధికి బలమైన ఆనవాలు. కారణం తెలిసినంత త్వరగా మంచినీరు అందలేదన్నది కాదనలేని విషయం: పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించడానికి 1970ల దాకా ఆగవలసి వచ్చింది, అందులోనూ అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలన్న చిక్కు ఉండనే ఉంది.