ఇంతకీ ఆ చేప ఎండిందా?

ముప్పై మూడేళ్లు ఒకటీ రెండూ తరగతుల పిల్లలకే చెప్పాను. బడి తెరిచిన మొదటి వారం వాచకం జోలికి పోయేదాన్ని కాదు, ఏడు చేపల కథ ఎత్తుకునేదాన్ని. రాజుగారి కొడుకులు ఏడుగురు, చేపలు ఏడు. ఎండని చేప, గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ అంటూ లెక్కేస్తే, బదులు చెప్పేవాళ్లూ ఏడుగురే. వాళ్లను వరసగా నిలబెట్టి, నిలదీయడానికి ఎనిమిదోవాణ్ని పంపితే కథ దానంతటదే నడిచేది. చీమ వేషం మాత్రం నోరు విప్పని పిల్లకే. అప్పటికి ఆరుగురూ తప్పు పక్కవాళ్ల మీదికి నెట్టేసి ఉంటారు. చీమ ఒక్కతే, కుట్టాను, కుట్టకేం చేస్తానని దబాయిస్తుంది. ఎప్పుడూ తలవంచుకుని కూర్చునే పిల్ల కూడా అక్కడ గొంతు పెంచేది.

ఈ కథ మా అమ్మమ్మ చెప్పింది. బడిలోకి కథలొచ్చిన దారి వేరు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో అచ్చయింది. తమాషా ఏమిటంటే, అది మొదలయ్యేదే కొడుకులకు చదువబ్బలేదని దిగులుపడే రాజుతో. విష్ణుశర్మ వాళ్లకు కాకి, ఎలుక, జింకల కథలు చెప్పి దారిలో పెడతాడు. అలాంటి పుస్తకాన్ని పట్టుకుని మన బళ్లు సంధులు విడదీయించాయి, అర్థాలు వల్లె వేయించాయి. గ్రాంథికం సొగసు నాకూ ఇష్టమే, పైకి చదివితే నోటికి పండగ. కానీ అరసున్నా ఎక్కడ పెట్టాలో తేలక బిక్కుబిక్కుమనే పిల్లాడికి, చిత్రగ్రీవుడి పావురాలు వలతో సహా ఎగిరిపోతుంటే నోరు తెరుచుకుని చూసే తీరికేదీ?

భావనగర్‌లో గిజుభాయి బధేకా వకీలు పని మానుకుని పిల్లల బడిలో చేరాడు. 1931లో వచ్చిన ఆయన ‘దివాస్వప్న’లో నాలుగో తరగతి మాస్టారు మొదటి రోజు పిల్లల గోల ముందు ఓడిపోతాడు. మర్నాడు కథ మొదలుపెడతాడు, అంతే, అందరూ చుట్టూ చేరతారు. ఆ పేజీలు చదివినప్పుడు ఈయనెవరో మా బడికి వచ్చి చూసి రాసినట్టుందనుకున్నాను.

మనకైతే ఆ పని బడి బయట చందమామ చేసింది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో దాన్ని మొదలుపెట్టారు. తర్వాత కొడవటిగంటి కుటుంబరావు చేతిలో దాని మాట తేటపడింది. నాకు బేతాళ కథలే ముఖ్యం. వాటిలో కథ అయ్యాక నీతి రాదు, ప్రశ్న వస్తుంది. విక్రమార్కుడు నోరు తెరిచే చోట పుస్తకం మూసేసి పిల్లలను అడిగేదాన్ని. సగం మంది జవాబులు రాజుగారి జవాబు కంటే బాగుండేవి. వాటికి మార్కులు వేసే పద్ధతి లేకపోవడమే నయం.

ఒకసారి తనిఖీకి వచ్చినాయన ఏడు చేపల కథ అంతా విని, “ఇందులో నీతేమిటర్రా?” అన్నారు. తరగతి గప్‌చిప్. కాసేపటికి ఒకడు, “పుట్టలో వేలు పెట్టకూడదు సార్” అన్నాడు. ఆయన నవ్వి కాగితం మీద ఏదో రాసుకోబోయారు. ఇంతలో చీమ వేషం పిల్ల లేచింది.

“సార్, ఇంతకీ ఆ చేప ఎండిందా?”

ఆయన నా వైపు చూశారు. నేను మా అమ్మమ్మను ఎన్నడూ అడగలేదు.