‘సెట్’ శబ్దము: అర్థములా, పదములా?

నానార్థములు గల పదమనగానే ఒక మూలము, అనేక శాఖలు మనకు స్ఫురించును. ఆంగ్లమందలి ‘సెట్’ శబ్దమునకు ఈ యూహ చాలదని మా యభిప్రాయము. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువు రెండవ కూర్పున అన్నిటికంటె దీర్ఘమైన వివరణము ఈ క్రియాపదమునదే. అందు కేవల క్రియకే సుమారు 430 అర్థములు కలవు.

ఈ క్రియకు మూలము ప్రాచీనాంగ్లమందలి ‘సెట్టన్’. ఇది ‘కూర్చుండు’ అను అర్థము గల ‘సిట్టన్’ క్రియకు ప్రేరణరూపము. కూర్చుండబెట్టుట తొలి యర్థము. రత్నము పొదుగుట, వెల నిర్ణయించుట, విరిగిన యెముకను సరిచేయుట, ఇవన్నియు నొకదానిని తగిన తావున నిలుపుటయే. సిమెంటు గట్టిపడుట, సూర్యుడు క్రుంకుట యనుచోట కర్త తానే కుదురుకొనును.

సముదాయార్థకమగు నామపదము త్రోవ వేరు. అది లాటిను ‘సెక్తా’నుండి ప్రాచీన ఫ్రెంచి ద్వారమున వచ్చి, తొలుత ఒక మతము ననుసరించువారి గుంపును తెలిపినది. క్రియాపద సాంగత్యముచే పిమ్మట ‘ఒకచోట కూర్చిన వస్తువులు’ అను నర్థమును పొందినది. మనము వాడు ‘టీ సెట్టు’ ఈ శాఖది. ‘సినిమా సెట్టు’ క్రియాశాఖది. తెలుగున రెండును ఒక్కటిగనే వినబడుచున్నవి.

మన ‘పాలు’ శబ్దమును సైతము బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు క్షీరార్థమున నొకటిగా, భాగార్థమున వేరొకటిగా చూపుచున్నది. కావున అర్థములను లెక్కించుటకు ముందు పదము లెన్నియో తేల్చుకొనుట పరిశోధకునకు ప్రథమకర్తవ్యమని మేము తలచుచున్నాము.