స్వతంత్ర చిత్ర నిర్మాణం: దశలవారీ బడ్జెట్

స్వతంత్ర చిత్రానికి బడ్జెట్ వేయడమంటే కథ రాతకు కూర్చున్ననాటి నుంచి బొమ్మ ప్రేక్షకుడి ముందు పడేదాకా అయ్యే ఖర్చును అంచనా కట్టి, ఏ దశ సొమ్మును ఆ దశకు విడిగా ఉంచడం. స్క్రిప్టు, హక్కులు ఒక దశ. ఆపైన ప్రీ ప్రొడక్షన్, షూటింగ్, పోస్ట్ ప్రొడక్షన్, చివరగా పబ్లిసిటీతో కూడిన విడుదల. పెద్ద బ్యానరు సినిమాకైనా దశలు ఇవే. తేడా డబ్బు పుట్టే తీరులో ఉంది. పెద్ద సినిమాకు మధ్యలో సొమ్ము చాలకపోతే హీరో పేరు మీదనో, ఏరియా హక్కుల మీదనో అడ్వాన్సు దొరుకుతుంది. చిన్న సినిమాకు ఆ దారి దాదాపు ఉండదు. అందుకే దాని లెక్క విడుదల దగ్గర మొదలై వెనక్కి రావాలి. ఆచరణలో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు: ఉన్నదంతా షూటింగ్‌లో పోసి, మిగిలిన దాంతో ఎడిటింగ్ చూసుకుందామనుకోవడం.

ఈ పొరపాటుకు కొంత కారణం చిన్న సినిమాల గురించి ప్రచారంలో ఉన్న అంకెలే. రాబర్ట్ రోడ్రిగెజ్ ‘ఎల్ మరియాచి’ (1992) సుమారు 7,000 డాలర్లతో తయారైందన్నది నిజమే. అయితే ఆయన దాన్ని థియేటర్ల కోసం కాక స్పానిష్ వీడియో క్యాసెట్ల మార్కెట్ కోసం తీశాడు. 16 ఎంఎం ఫిల్మ్‌పై షూట్ చేసి, వీడియోలోనే ఎడిట్ చేశాడు. ఆ విడుదలకు ఆ బడ్జెట్ సరిపోయింది. తర్వాత కొలంబియా పిక్చర్స్ దాన్ని కొని 35 ఎంఎంకు మార్చడానికి, శబ్దం మళ్లీ మిక్స్ చేయడానికి, ప్రచారానికి అసలు ఖర్చుకు ఎన్నో రెట్లు పెట్టింది. కెవిన్ స్మిత్ ‘క్లర్క్స్’ (1994) సంగతీ అంతే. తాను పనిచేసే కొట్టులోనే రాత్రిపూట షూటింగ్ జరిపి 27,575 డాలర్లతో ముగించాడు. సినిమాను మిరామాక్స్ తీసుకున్నాక, అందులో వాడిన పాటల హక్కులకే నిర్మాణ వ్యయాన్ని మించి చెల్లించాల్సి వచ్చింది. ఈ రెండు సినిమాల్లోనూ బొమ్మ ఎక్కడ ఆడుతుందన్నది మారగానే ఖర్చూ మారింది. కాబట్టి ఎక్కడ ఆడుతుందో తేల్చుకోకుండా వేసిన అంచనా సగం అంచనాయే.

వెనక నుంచి లెక్కించడానికి ఇంకో కారణం, ఖర్చులన్నీ ఒకే తీరున వంగవు. షూటింగ్ దశలో బేరానికి చోటుంది: తెలిసినవాళ్ల ఇల్లు లొకేషన్ అవుతుంది, కెమెరామన్ పారితోషికంలో కొంత తర్వాత తీసుకోవడానికి ఒప్పుకుంటాడు, రెండు సీన్లు ఒకే చోటికి మారతాయి. అయినా బేటాలు, భోజనాలు, బళ్లు ఆగవు. ఒక్క రోజు పెరిగితే ఇవన్నీ కలిసి పెరుగుతాయి. అందుకే షెడ్యూలు వేసేటప్పుడు రోజుల సంఖ్యను అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాలి. పోస్ట్ ప్రొడక్షన్‌లో డబ్బుకు బదులు కాలాన్ని చెల్లించవచ్చు. షేన్ కరూత్ ‘ప్రైమర్’ (2004)ను సుమారు 7,000 డాలర్లకు ముగించగలిగింది ఎడిటింగ్, సంగీతం వంటివి తానే నెత్తిన వేసుకున్నందుకే. అప్పు మీద తీసేవారికి ఈ మార్గమూ మూసుకుపోతుంది. 50 లక్షలు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం: డీఐ (రంగుల సవరణ), రీరికార్డింగ్ ఆగిన ప్రతి నెలా లక్ష రూపాయలు కరుగుతాయి. ఆ లక్ష తెర మీద ఎక్కడా కనిపించదు.

వెనక నుంచి లెక్కించే ఈ పద్ధతికి బలమైన అభ్యంతరం ఒకటుంది. చివరి దశలకు డబ్బు దాచుకుంటూ కూర్చుంటే అసలు సినిమానే మొదలు కాదనీ, ముందు కొంత తీసి చూపిస్తే డబ్బు దానంతట అదే వస్తుందనీ అంటారు. ‘పథేర్ పాంచాలీ’ (1955)ని ఉదాహరణగా చూపుతారు. సత్యజిత్ రాయ్ 1952లో షూటింగ్ మొదలుపెట్టి, బీమా పాలసీ కుదువపెట్టి, భార్య నగలు తాకట్టు పెట్టి కొంత తీశారు. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పెట్టుబడి పెట్టింది. తీసిన భాగం చూపడం వల్లే డబ్బు వచ్చిందన్నది కాదనలేం. కానీ ఆ ఎదురుచూపుల్లో అపు పాత్ర వేసిన పిల్లవాడి గొంతు మారలేదు, దుర్గగా నటించిన అమ్మాయి ఎదిగిపోలేదు, ముసలమ్మ పాత్ర వేసిన ఎనభై ఏళ్ల చునీబాలా దేవి కన్నుమూయలేదు. వీటిని అద్భుతాలుగానే రాయ్ తర్వాత చెప్పుకున్నారు. అద్భుతాలకు బడ్జెట్‌లో పద్దు ఉండదు. ముక్క చూపించి డబ్బు తేవాలనుకుంటే, ఆ ముక్కనే పూర్తి ఎడిటింగ్, శబ్దంతో సహా ఒక చిన్న ప్రాజెక్టుగా లెక్కకట్టడం మేలు.

డిజిటల్ వచ్చాక ఇదంతా పాతబడిందన్న మాటలో కొంతే నిజం. ముడి ఫిల్మ్ ఖర్చు పోయింది. దాంతోపాటు ఆ ఖర్చు నేర్పిన పొదుపూ పోయింది. గంటలకొద్దీ ఫుటేజీని భద్రపరచడానికి హార్డ్ డిస్కులు, వడపోయడానికి ఎడిటర్ రోజులు కావాలి. ప్రింట్లు పోయినా థియేటర్‌లో ప్రదర్శనకు డిజిటల్ సర్వీస్ సంస్థల రుసుములున్నాయి. 2018 మార్చిలో వీటిపై వివాదంతోనే తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు కొద్ది రోజులు మూతపడ్డాయి. ఓటీటీకి వెళ్తే ఈ భారం తగ్గవచ్చు గానీ సబ్‌టైటిళ్లు, 5.1 శబ్దం, సాంకేతిక పరీక్ష, ప్రతి పాటకూ కథకూ హక్కు పత్రాలు అడుగుతారు. రచయితతో మొదట్లో ఒప్పందం రాసుకోని నిర్మాత అప్పుడు దానికి ఎక్కువ చెల్లించాల్సి రావచ్చు.

మరి చివరి దశలకు సొమ్ము ఎక్కడి నుంచి తీయాలి? షూటింగ్ మొదలయ్యాక కాదు, స్క్రిప్టు దశలోనే. అక్కడ ఒక సీను కొట్టేయడానికి కాగితం తప్ప ఖర్చు లేదు. రోడ్రిగెజ్ తనకు అందుబాటులో ఉన్న బస్సు, బారు, కుక్క చుట్టూ కథ రాసుకున్నాడు. వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) విశాఖలోని ఒక్క పేటను, అక్కడి మనుషులనే పాత్రధారులుగా తీసుకుంది. కథే అలాంటిది కనుక ఇది పిసినారితనంగా కనిపించదు. ఆ సినిమా కూడా విడుదల వేళకు సురేష్ ప్రొడక్షన్స్ సమర్పణలో వచ్చిందన్నది గుర్తుంచుకోవాలి. ఆఖరి మెట్టుకు అంత అండ కావలసి వచ్చింది. అనుకోని ఖర్చులకు మొత్తంలో 10 శాతం విడిగా ఉంచడం పరిశ్రమలో వాడుక. దాన్ని షూటింగ్ మేనేజర్ చేతికివ్వకుండా మిక్సింగ్ అయ్యేదాకా ముట్టని పద్దుగా ఉంచితే మంచిది. వాన పడి ఒక రోజు పోతే ఆ సీను ఇంట్లోకి మార్చుకోవచ్చు, మిక్సింగ్ ఆగితే సినిమా సెన్సార్ దాకా పోదు.