నల్లగొండ దారి చివర సముద్రం

చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి బెజవాడతో ఆగదు, బందరు దాకా పోతుంది. 2023 మేలో బందరు కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాక హైదరాబాద్‌లో డ్రైపోర్టు (నేలమీది సరుకుల రేవు) మాట జోరందుకుంది. కొత్త చుట్టరికం కలుపుకుంటున్నట్టే మాట్లాడుతున్నారు గానీ, గోల్కొండ కాలంలోనే మన మెట్టసీమకు రేవు బందరు.

ప్రాచీన భూగోళవేత్త టాలెమీ రాసిన మైసోలియా ఈ తీరమే. కాకతీయుల నాటికి రేవుగా పేరంతా మోటుపల్లిది. కుతుబ్‌షాహీల హయాంలో బందరు దశ తిరిగింది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు.

నాకు ఇష్టమైన ముచ్చట 1652 నాటిది. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే మే 11న పారసీక తీరంలో గోల్కొండ నవాబు ఓడ ఎక్కాడు. అందులో పారసీక, ఆర్మేనియా వర్తకులే కాదు, పారసీక రాజు షా పంపిన 55 గుర్రాలు కూడా. నడిసముద్రంలో తుపాను. ఓడ అడుగున నీళ్లు చేరాయి, తోడే దిక్కులేదు. ఒక వర్తకుడి దగ్గర రష్యా తోళ్ల మూటలు, ప్రయాణికుల్లో నలుగురైదుగురు జీను కుట్టేవాళ్లు ఉండటం అదృష్టం. తోళ్లు కలిపి పెద్ద బొక్కెనలు కుట్టారు, ఓడ పైకప్పుకు కంతలు కోశారు, స్తంభాలకు గిలకలు కట్టారు. గంటా రెండు గంటల్లో నీళ్లన్నీ బయటికి! మన మోటబావి దగ్గర పెరిగిన రైతుకు ఆ ఉపాయం విడమర్చి చెప్పనక్కరలేదు. జులైలో ఓడ బందరు చేరింది. ఆ ఊరినిండా కర్ర ఇళ్లే గానీ, బంగాళాఖాతంలో అంత మంచి రేవు లేదని ఆయన రాశాడు.

గోల్కొండ నుంచి బందరుకు కొల్లూరు వజ్రాల గని మీదుగా చుట్టుదారిలో పోవడమే ఆయనకు అలవాటు. ఆ మజిలీల్లో ఒకటి మన నల్లగొండ పక్కనున్న పానగల్లేనంటారు.

ఆ తర్వాత కథ చిక్కుపడింది. 1759లో ఇంగ్లీషువాళ్లు బందరు కోటను ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కున్నారు. నిజాం సలాబత్ జంగ్ చేవ్రాలు చేసి రేవును వాళ్లకే అప్పజెప్పాడు. సముద్రం మన చేయిజారింది అప్పుడే. 1864 నవంబరు 1 ఉప్పెన సుమారు 30 వేల మందిని మింగింది. రేవు మళ్లీ కోలుకోలేదు. రేవు పోయినా ఊరు మిగిలింది: 1923లో పట్టాభి సీతారామయ్య అక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 2020లో అదీ యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

బందరు వెళితే మంగినపూడి బీచిలో మునిగి, లడ్డూ డబ్బా పట్టుకుని తిరిగొచ్చేయకండి. డచ్చివాళ్ల సమాధులు చూడండి. దగ్గర్లోని పెడనలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద టేకు అచ్చు పడుతుంటే కాసేపు నిలబడండి. ఆ నల్లరంగు తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసింది. టావెర్నియే ఎక్కిన ఓడ ఏటా పారసీకానికి మోసుకెళ్లిన సరుకుల్లో ఈ అద్దకం గుడ్డలూ ఉండేవి.